తూము తిప్పితే చెరువు మారదు

మా చిన్నాన్న కొడుకు హిందూపురం దగ్గర పల్లెలో ఉంటాడు. పదకొండేళ్ల కిందట వారం రోజుల పాటు కంటి మీద కునుకు లేకుండా ఊరంతా తిరిగి, తాతల నాటి రెండెకరాలను అడ్డికి పావుశేరు లెక్కన బేరం పెట్టినప్పుడు గానీ అది జబ్బని మాకు తెలియలేదు. బైపోలార్ డిజార్డర్ అన్నారు, లిథియం మొదలుపెట్టారు. ఆ తర్వాత తొమ్మిదేళ్లు వాడు సేద్యం చేశాడు, చెల్లెలి పెళ్లి చేశాడు, బ్యాంకు అప్పు తీర్చాడు. మూడు నెలలకోసారి పొద్దున్నే రైలెక్కి బెంగళూరు వచ్చి, రక్తపరీక్ష చేయించుకుని, మా ఇంట్లో అన్నం తిని సాయంత్రానికి ఊరు చేరేవాడు.

రెండేళ్ల కిందట ఒక పెళ్లిలో దూరపు బంధువు ఒకాయన వాణ్ని పక్కకు పిలిచాడు. “ఎన్నాళ్లని మింగుతావప్పా ఆ మాత్రలు? ఏండ్ల తరబడి మింగితే మెదడులో జీన్లే మారిపోతాయంట. రేపు పుట్టే బిడ్డలకీ అంటుకుంటాదంట” అన్నాడు. అప్పుడే వాడికి సంబంధాలు చూస్తున్నాం. ఎవరికీ చెప్పకుండా మాత్రలు ఆపేశాడు. ఏడో వారానికి నిద్ర పోయింది. తొమ్మిదో వారంలో అర్ధరాత్రి కారులో నలుగురం పట్టుకుని బెంగళూరు తీసుకొచ్చాం.

ఆ పెద్దమనిషి మీద నాకు కోపం లేదు. ఎక్కడో విన్నది, మంచి చెబుతున్నాననే చెప్పాడు. నా పోరు ఆ మాటతోనే. ఎందుకంటే అది పల్లెల్లో ఆగిపోలేదు. బెంగళూరు అపార్టుమెంట్లలో, సాఫ్ట్‌వేర్ ఆఫీసుల క్యాంటీన్లలో, ఇంటర్నెట్‌లో నాలుగు పరిశోధనల శీర్షికలు చదివినవాళ్ల నోట ఇంకాస్త గట్టిగా వినిపిస్తోంది. “లిథియం వందల జన్యువుల మీద ప్రభావం చూపుతుందని సైన్సే చెబుతోంది, బ్యాటరీల్లో వేసే లోహాన్ని జీవితాంతం తినిపించి మనిషి మెదడునే మార్చేస్తున్నారు” అన్నది ఇప్పుడు చదువుకున్నవాళ్ల అభిప్రాయంగా స్థిరపడుతోంది. ఈ అభిప్రాయం తప్పు. మనుషుల ప్రాణాల మీదికి తెచ్చే తప్పు.

ముందు ఒప్పుకోవలసింది ఒప్పుకుంటాను. లిథియం దీర్ఘకాలం వాడితే మెదడు కణాల్లో జన్యు వ్యక్తీకరణ మారుతుంది. ఇది నిజం. వారాల తరబడి లిథియం కలిపిన మేత తిన్న ఎలుకల మెదళ్లలో ఎన్నో జన్యువుల పని కొంత పెరగడమో తగ్గడమో పరిశోధకులు చూశారు. దీన్ని దాచవలసిన పని లేదు. దాచితేనే అనుమానం పెరుగుతుంది. భయపెట్టేవాళ్ల మాటల్లో ఉన్న నిజం ఇంతవరకే. దాని నుంచి వాళ్లు లాగే అర్థాలు మూడు: జన్యువులు మారాయి కాబట్టి మనిషి మారిపోతాడు, మార్పు కాబట్టి అది చెడు, జన్యువులు కాబట్టి అది పిల్లలకు పోతుంది. ఈ మూడింటిలో ఒక్కటీ నిలవదు.

జన్యువు వేరు, జన్యు వ్యక్తీకరణ వేరు. మా తాత నీరుగంటి. చెరువు కట్ట కింద ఆయకట్టుకు నీళ్లు పారించడం ఆయన పని. ఏ తూము ఎంత ఎత్తాలి, ఏ కాలవకు ఏ పూట నీళ్లు వదలాలి, ఏ మడవ ఎప్పుడు కట్టాలి అన్నీ ఆయన చేతిలో ఉండేవి. ఆయన రోజూ తూము తిప్పేవాడు. దానివల్ల చెరువు మారలేదు, కాలవలు మారలేదు, పొలం గట్లు మారలేదు. ఏ కయ్యకు ఎంత నీరు పారిందన్నదే మారింది. పంట పండినా ఎండినా దాన్ని బట్టే.

మన డీఎన్ఏ ఆ చెరువూ కాలవలూ లాంటిది. మెదడు కణంలోనూ, కాలేయ కణంలోనూ, చర్మపు కణంలోనూ ఉన్న డీఎన్ఏ దాదాపు ఒకటే. ఒకటి ఆలోచనకు పనికొస్తుంది, ఇంకొకటి పైత్యరసం చేస్తుంది. ఏ కణంలో ఏ జన్యువుల నుంచి ఎంత ఆర్‌ఎన్‌ఏ తయారవుతోంది, దాన్నుంచి ఏ ప్రోటీన్ ఎంత పుడుతోంది అన్నదే తేడా. దాన్నే జన్యు వ్యక్తీకరణ అంటారు. లిథియం డీఎన్ఏలోని అక్షరాలను చెరిపి కొత్తవి రాయదు. కొన్ని తూములను కొంచెం ఎత్తుతుంది, కొన్నిటిని కొంచెం దించుతుంది. “జీన్లు మారిపోతాయి” అనడం, తూము తిప్పినందుకు చెరువు పూడ్చేశారని గగ్గోలు పెట్టడంతో సమానం.

ఆ తూము ఎలా తిరుగుతుందో కొంతవరకు తెలుసు. కణంలో జీఎస్‌కే-3 అనే ఎంజైమ్ ఒకటి ఉంది. బీటా కెటెనిన్ వంటి ప్రోటీన్లకు గుర్తు వేసి, అవి విరిగిపోయేలా చేయడం దాని పనుల్లో ఒకటి. 1996లో పీటర్ క్లైన్, డగ్లస్ మెల్టన్ అనే శాస్త్రవేత్తలు లిథియం ఈ ఎంజైమ్‌ను అణచి ఉంచుతుందని చూపారు. సాధారణంగా మెగ్నీషియం కూర్చునే చోట లిథియం పోటీకి వస్తుంది. ఎంజైమ్ నెమ్మదించేసరికి బీటా కెటెనిన్ విరగకుండా పోగుపడి, కేంద్రకంలోకి వెళ్లి, కొన్ని జన్యువులను పనిలోకి దించుతుంది. లిథియానికి ఇంకో దారి కూడా ఉంది. కణం లోపలి సంకేతాలకు ముడిసరుకైన ఇనోసిటాల్‌ను తిరిగి తయారుచేసే ఎంజైమ్‌ను అది అడ్డుకుంటుందని 1980 నుంచే తెలుసు. అతిగా మోగుతున్న సంకేతాల జోరు దానివల్ల తగ్గుతుందన్నది చాలాకాలంగా ఉన్న వివరణ.

పనిలోకి దిగే జన్యువులు ఏవి? 1999లో హుస్సేనీ మంజీ బృందం, లిథియం ఇచ్చిన ఎలుకల మెదడు ముందుభాగంలో బీసీఎల్-2 అనే ప్రోటీన్ పెరిగిందని ప్రకటించింది. ఒత్తిడికి కణం చచ్చిపోకుండా కాపాడే ప్రోటీన్ అది. నాడీ కణాల ఎదుగుదలకు, వాటి మధ్య కొత్త సంబంధాలకు తోడ్పడే బీడీఎన్ఎఫ్ కూడా పెరిగినట్టు వేరే ప్రయోగాలు చూపాయి. మెదడును మార్చేస్తోందని ఏ మార్పులను వేలెత్తి చూపుతున్నారో, వాటిలో బాగా తెలిసినవి కణాన్ని కాపాడే మార్పులే.

ఇక్కడ ఒక్క చిన్న లెక్క చూడండి. మాత్ర వేసుకున్న కొద్ది గంటల్లో లిథియం రక్తంలోకి చేరుతుంది. రోజూ వేసుకుంటే అయిదారు రోజుల్లో రక్తంలో దాని స్థాయి నిలకడకు వస్తుంది. కానీ మ్యానియా, అంటే బైపోలార్‌లోని అతి ఉద్రేక దశ, తగ్గడానికి ఒకటి నుంచి మూడు వారాలు పడుతుంది. మళ్లీ రాకుండా కాపాడే గుణం పూర్తిగా తెలియడానికి నెలలు పట్టవచ్చు. మందు అయిదో రోజుకే చేరితే ఫలితం ఇంత ఆలస్యం ఎందుకు? తూము ఎత్తిన క్షణానే చివరి కయ్య తడవదు కదా. జన్యువు పనిలోకి దిగాలి, ప్రోటీన్ తయారు కావాలి, కణాలు దానికి తగ్గట్టు సర్దుకోవాలి. ఈ ఆలస్యానికి ఇప్పుడున్న వివరణల్లో అతికేది జన్యు వ్యక్తీకరణే. అంటే మనం భయపడుతున్న ఆ మార్పు వైద్యానికి తగిలిన మచ్చ కాదు, వైద్యం జరిగే దారి. దాన్ని తీసేస్తే మిగిలేది ఉత్త లిథియం ఉప్పే.

దీనికి మరో సాక్ష్యం 2015లో వచ్చింది. అమెరికాలోని సాక్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు బైపోలార్ రోగుల చర్మకణాలను మూలకణాలుగా మార్చి, వాటి నుంచి నాడీ కణాలను పెంచారు. ఆ కణాలు మామూలు కన్నా ఎక్కువగా ఉద్రేకపడుతున్నాయి. లిథియం వేస్తే, ఆ మందు పనిచేసిన రోగుల కణాలే నెమ్మదించాయి. పనిచేయనివాళ్ల కణాలు నెమ్మదించలేదు. జన్యు వ్యక్తీకరణలో మార్పు కూడా గుణం కనిపించినవాళ్ల కణాల్లోనే ఎక్కువ. హాని జరిగేచోట కాక, మేలు జరిగేచోట మార్పు ఎక్కువగా ఉందంటే దాన్ని హాని అని ఎలా అంటాం?

“అయినా మందు వల్ల మెదడులో జన్యువుల పని మారడం సహజం కాదు కదా” అంటారు. సహజంగా మారేవి ఎన్నో తెలుసుకుంటే ఈ మాట అనరు. రాత్రి నిద్రపోతే మారుతుంది, నిద్ర చెడితే ఇంకోలా మారుతుంది. వ్యాయామం చేస్తే మారుతుంది. ఎరిక్ కాండెల్ సముద్రపు నత్తల మీద చేసిన పరిశోధన, ఒక జ్ఞాపకం రోజుల తరబడి నిలవాలంటే నాడీ కణంలో జన్యువులు పనిలోకి దిగి కొత్త ప్రోటీన్లు పుట్టాలని తేల్చింది. 2000లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఎక్కాలు నేర్చుకున్న పిల్లవాడి మెదడులో జన్యు వ్యక్తీకరణ మారింది. వారం రోజులు నిద్రలేక మ్యానియాలో ఊగిపోయిన మా తమ్ముడి మెదడులోనూ మారి ఉంటుంది. ఎవరి తూమూ ఒక్కచోట నిలబడి ఉండదు. మందు లేకపోతే మెదడు చెక్కుచెదరకుండా ఉంటుందనుకోవడమే అసలు పొరపాటు. మందు మానేసినవాడి మెదడును జబ్బు మారుస్తుంది.

మార్పులన్నీ మంచివేనా? కావు. అదే లిథియం మూత్రపిండంలోకి వెళ్లి, నీటిని తిరిగి పీల్చుకునే ఆక్వాపోరిన్-2 అనే ప్రోటీన్ తయారీని తగ్గిస్తుంది. అందుకే చాలామందికి దాహం ఎక్కువవుతుంది, మాటిమాటికీ మూత్రానికి వెళ్లాల్సి వస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ కొందరికి మూత్రపిండాల పనితనం తగ్గుతుంది. కొందరికి థైరాయిడ్ మందగిస్తుంది, కొందరికి రక్తంలో కాల్షియం పెరుగుతుంది. చేతులు వణకడం, బరువు పెరగడం ఉన్నాయి. మనసు మొద్దుబారినట్టుందని చెప్పే రోగుల మాటను తోసిపుచ్చకూడదు. మోతాదు చూసి సర్దాలి. ఇవన్నీ నిజమైన కష్టాలు. కానీ గమనించండి: వీటిలో మూత్రపిండాలు, థైరాయిడ్, కాల్షియం కష్టాలకు పరీక్షలున్నాయి. క్రియాటినిన్, టీఎస్‌హెచ్, కాల్షియం, అన్నిటికన్నా ముందు లిథియం లెవెల్. కొలవగలిగిన ప్రమాదాన్ని వదిలేసి, “జీన్లు” అనే పేరు గల భూతాన్ని చూపిస్తే రోగి దేనికి భయపడాలో దానికి భయపడడం మానేస్తాడు.

లిథియం అతి అయితే విషమే. చరిత్రే ఆ సంగతి చెబుతుంది. 1949లో ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ పదిమంది మ్యానియా రోగులకు లిథియం ఇచ్చి ఫలితాలు ప్రకటించాడు. అదే ఏడాది అమెరికాలో, గుండె రోగులు ఉప్పుకు బదులు లిథియం క్లోరైడ్ చల్లుకుని తిని చనిపోతే దాన్ని అమ్మకం నుంచి తీసేశారు. కేడ్ మొదట వైద్యం చేసిన రోగి కూడా మరుసటి ఏడాది లిథియం అతి కావడం వల్లే పోయాడు. ఆ మరణాలు నేర్పిన పాఠమే ఇవాళ ఆసుపత్రుల్లో జరిగే రక్తపరీక్ష.

ఆ పరీక్ష దగ్గర మా తమ్ముడితో ఎన్నోసార్లు నిలబడ్డాను. రాత్రి తొమ్మిదికి మాత్ర వేసుకుంటే పొద్దున తొమ్మిదికి రక్తం ఇవ్వాలి. సరిగ్గా పన్నెండు గంటలు. పొద్దుటి మాత్ర చొక్కా జేబులో కాగితం పొట్లంలో ఉంటుంది, రక్తం ఇచ్చాకే నోట్లో వేసుకోవాలి. ముందే వేసుకుంటే లెక్క తప్పుతుంది. లీటరుకు 0.6 నుంచి 0.8 మిల్లీమోల్ మధ్య ఉంటే చాలామందికి సరిపోతుంది. 1.5 దాటితే ప్రమాదం. వాంతులు, విరేచనాలు, ఎండదెబ్బ, ఒంట్లో నీరు తగ్గడం, మోకాళ్ల నొప్పికి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే ఐబుప్రోఫెన్, కొన్ని బీపీ మాత్రలు ఈ అంకెను అమాంతం పెంచుతాయి. అనంతపురం, కర్నూలు ఎండల్లో పనిచేసే మనిషికి చెప్పవలసిన జాగ్రత్త ఇది. మంచినీళ్లు తాగు, ఉప్పు ఒక్కసారిగా మానకు, నొప్పి మాత్ర అడగకుండా మింగకు. ఆ పెళ్లిలో పెద్దమనిషి వీటిలో ఒక్కటి చెప్పినా మేలయ్యేది.

మూడో మాట, పిల్లల సంగతి. మెదడు కణంలో జరిగిన వ్యక్తీకరణ మార్పు పుట్టే బిడ్డ డీఎన్ఏలోకి చేరదు. వంశంలో దిగేది జబ్బుకు లోనయ్యే స్వభావం, అది లిథియం మందుగా రాకముందు నుంచే ఉంది. అదైనా తలరాత కాదు. తల్లిదండ్రుల్లో ఒకరికి బైపోలార్ ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం నూటికి అయిదు నుంచి పది వరకు ఉంటుందని చెబుతారు. అంటే ఎక్కువమందికి రాదు. గర్భిణుల విషయం వేరు, అక్కడ నిజంగానే జాగ్రత్త కావాలి. 2017లో అచ్చయిన ఒక పెద్ద అమెరికా అధ్యయనంలో, మొదటి మూడు నెలల్లో లిథియం వాడిన తల్లుల బిడ్డల్లో నూటికి 2.41 మందికి గుండె లోపాలు కనిపించాయి, వాడనివాళ్ల బిడ్డల్లో 1.15 మందికి. మోతాదు పెరిగేకొద్దీ ప్రమాదం పెరిగింది. ఇది గర్భంలో ఎదుగుతున్న గుండెకు మందు తగలడం వల్ల వచ్చేది. వంశపు జన్యువులు మారడం కాదు. బిడ్డను కనాలనుకునే ఆడపిల్ల ముందుగానే డాక్టరుతో మాట్లాడి నిర్ణయించుకోవలసిన విషయం ఇది. పెళ్లి పందిట్లో తేల్చేది కాదు.

ఇంకో ప్రశ్న అడుగుతాను. లిథియం జన్యువులను శాశ్వతంగా మార్చేస్తే, మాత్ర ఆపగానే జబ్బు ఎందుకు తిరిగొస్తుంది? మా తమ్ముడికి తొమ్మిదేళ్ల మందు తొమ్మిది వారాల్లో చేజారింది. లిథియం ఆపిన తర్వాత మొదటి కొన్ని నెలల్లోనే జబ్బు తిరగబెట్టడం ఎక్కువని, నెమ్మదిగా తగ్గించడం కన్నా ఒక్కసారిగా ఆపితే ఇంకా ఎక్కువని వైద్యులు దశాబ్దాలుగా చూస్తున్నారు. తూము దించేస్తే నీళ్లు ఆగాయి. నీరుగంటి లేకపోతే మళ్లీ పాత కథే. మందు మెదడును తిరగరాసేస్తుందన్న వాదనకు ఇంతకన్నా జవాబేముంటుంది?

“మరి మొత్తం తెలుసా?” అంటే, తెలియదు. ఎందుకు తెలియదో బెంగళూరులోని మానసిక, నాడీ వైద్య సంస్థ నిమ్హాన్స్‌కు వెళ్తే అర్థమవుతుంది. హోసూరు రోడ్డు మీది ఆ సంస్థలో మెదళ్ల మ్యూజియం ఉంది, జనాన్ని రానిస్తారు. నిజమైన మనిషి మెదడును చేతుల్లో పెడతారు. నేను పట్టుకున్నాను. అనుకున్నదానికన్నా బరువుగా, రబ్బరులా బిగుసుకుని, ఫార్మలిన్ వాసనతో ఉంది. బతికున్న మనిషి మెదడు నుంచి ప్రతి మూడు నెలలకూ ముక్క తీసి జన్యువుల పని చూడలేం కదా. అందుకే జన్యువుల పని గురించి మనకున్న ఆధారాలు ఎక్కువగా ఎలుకల నుంచి, చనిపోయినవాళ్లు దానం చేసిన మెదళ్ల నుంచి, ప్రయోగశాలలో పెంచిన కణాల నుంచి వచ్చినవే. ఒక్కో ప్రయోగంలో ఒక్కో జన్యువుల జాబితా వస్తుంది. 2000లో లిథియం వాడినవాళ్ల మెదడులో బూడిద పదార్థం పెరిగిందని స్కాన్ల ఆధారంగా ప్రకటించాక, అందులో కొంత స్కాన్ గుర్తించే తీరులో తేడా కావచ్చన్న అభ్యంతరం కూడా వచ్చింది. శాస్త్రం అలాగే నడుస్తుంది.

ఆ తెలియనిదాన్ని తెలుసుకునే పని బెంగళూరులోనే జరుగుతోంది. నిమ్హాన్స్, ఎన్‌సీబీఎస్, ఇన్‌స్టెమ్ సంస్థలు కలిసి, ఒకే ఇంట్లో ఎక్కువమందికి మానసిక జబ్బులున్న కుటుంబాల రక్తకణాల నుంచి మూలకణాలను, వాటి నుంచి నాడీ కణాలను పెంచి చూస్తున్నాయి. 2020లో నిమ్హాన్స్ పరిశోధకులు ప్రకటించిన ఒక అధ్యయనంలో, లిథియం పనిచేసిన రోగుల నుంచి పెంచిన కణాల మనుగడ లిథియంతో మెరుగైంది. రోగికి కలిగిన గుణానికి, కణంలో కనిపించిన గుణానికి పొంతన ఉందన్నమాట. లిథియం అందరికీ పనిచేయదు. పూర్తి గుణం దాదాపు మూడోవంతు మందికే. ఎవరికి పనిచేస్తుందో ముందే తెలిస్తే మిగతావాళ్లకు నెలల వృథా తప్పుతుంది. ఈ కణాలకు రక్తమిచ్చిన కుటుంబాలు ఇలాంటి సంగతులు తెలియడం కోసమే ఇచ్చాయి. వాళ్ల త్యాగం నుంచి వచ్చే ఒక్కో ముక్కనూ భయపెట్టే శీర్షికగా మార్చడం వాళ్లకు చేసే అన్యాయం.

దీనికి వెనకవైపు ఇంకో పొరపాటు ఉంది. 2025 ఆగస్టులో హార్వర్డ్ శాస్త్రవేత్త బ్రూస్ యాంక్నర్ బృందం, అల్జీమర్స్ తొలిదశలోనే మెదడులో లిథియం తగ్గుతోందని, లిథియం ఓరోటేట్ ఇచ్చిన ఎలుకల్లో జ్ఞాపకశక్తి మెరుగైందని ప్రకటించింది. అది ముఖ్యమైన పరిశోధన. కానీ మందు గుణం చూసింది ఎలుకల్లో. అది చదివి పెద్దవాళ్లకు ఆన్‌లైన్‌లో లిథియం డబ్బాలు తెప్పించడం కూడా అదే తప్పు. లిథియం అనే మాట వినగానే ఒకరు మంచం కింద దూరడం, ఒకరు అమృతమని పరుగెత్తడం. డాక్టరు చీటీ, రక్తపరీక్ష లేని లిథియం ఎవరికీ వద్దు.

ఈ తప్పుడు మాటకు ఖరీదు ఎంతో చూడండి. 2015–16లో నిమ్హాన్స్ నడిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే, బైపోలార్ ఉన్నవాళ్లలో నూటికి దాదాపు డెబ్బై మందికి చికిత్స అందడం లేదని తేల్చింది. ఆత్మహత్యల ప్రమాదం ఎక్కువగా ఉండే జబ్బుల్లో ఇదొకటి. 48 ట్రయల్స్‌ను కలిపి చూసి 2013లో ప్రకటించిన విశ్లేషణలో, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ల కన్నా లిథియం వాడినవాళ్లలో ఆత్మహత్యలు బాగా తక్కువ. అమెరికాలో మాజీ సైనికుల మీద తర్వాత జరిగిన ఒక ట్రయల్‌లో ఆ తేడా కనిపించలేదు. కానీ అందులో ఎక్కువమంది డిప్రెషన్ ఉన్నవాళ్లు, బైపోలార్ వాళ్లు కారు. కొద్ది రూపాయలకు దొరికే, అత్యవసర మందుల జాబితాలో ఉన్న మాత్ర ఇది. దీన్ని అందని డెబ్బై మందికి చేర్చడం మన పని. అందిన ముప్పై మంది చేతిలోంచి లాక్కోవడం కాదు. అనుమానముంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు. లేదా మీ డాక్టరునే అడగండి. అడగకుండా మాత్రం ఆపకండి.

మా తమ్ముడు మళ్లీ లిథియం మొదలుపెట్టాడు. మొన్న వచ్చినప్పుడు రక్తమిచ్చి, జేబులోని పొట్లం విప్పి మాత్ర వేసుకుని, సీసాలో నీళ్లు సగం తాగి, “అన్నా, నిజంగా జీన్లు మారవా?” అని అడిగాడు. తాత తూము సంగతే చెప్పాను. కాసేపు ఆలోచించి, “తాత చెరువుకు రోజూ పోయేవాడు కదా, ఒక్క పూట కూడా ఎగ్గొట్టేవాడు కాదు” అన్నాడు. లిథియం లెవెల్ 0.7 వచ్చింది. ఫైల్‌లో రాయించుకుని సాయంత్రం రైలుకు వెళ్లిపోయాడు.